మామూలు నెత్తురు

బెర్గెన్‌లో వాన ఆగిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.
నేను లెక్కపెట్టలేదు. ఆవిడ లెక్కపెట్టే సెకన్లే నాకు సరిపోయేవి.
ముప్పై ఏడు డిగ్రీల నీళ్లతొట్టి,
దాని మీద వంగిన డాక్టర్ రాగ్న్‌హిల్ మెడ,
కుడిచేతిలో గాజుగొట్టం, ఎడమచేతిలో గడియారం.
ఒంపేది, నిలబెట్టేది,
ఒంపేది, నిలబెట్టేది.
ఉగ్గుగిన్నె పట్టుకున్న తల్లికి కూడా
అంత ఓపిక ఉండదు.

నేను ఆ గాజు కడిగేదాన్ని. పేరు బోర్గిల్.
గీత పడిన గొట్టంలో నెత్తురు తొందరపడుతుందని
ఆవిడ చెప్పకముందే నా బొటనవేలికి తెలుసు.
ఆవిడ రాసిన వ్యాసాల్లో నా పేరు ఉండదు.
అయినా వాటన్నిట్లో నేనున్నాను.

జబ్బు నెత్తురు ఎంత ఆలస్యమో తెలియాలంటే
పక్కన జబ్బులేనిది ఒకటి ఉండాలి కదా.
మొదటి సోమవారం ఆవిడ గదంతా కలియజూసింది.
ఉన్నదల్లా ఆవిడ, నేను, సిట్రేటు సీసా.
"పొద్దున ఏం తిన్నావు?"
"ఎండుచేప, కాఫీ."
"సరే, చొక్కా చెయ్యి పైకి మడువు."

అలా పదకొండేళ్లు.
పట్టికలో ఎడమ చివర మొదటి గడి నాది:
మామూలు. నూట పది సెకన్లు.
మా అమ్మ బతికుంటే నవ్వేది,
నన్ను మామూలు అన్నవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

ఐవిన్‌ని హెర్రింగ్ పడవలో తెచ్చారు.
పాలపన్ను ఊడి నాలుగు రోజులు,
దిండు గలీబు మూడుసార్లు మార్చారట.
తల్లి వాడి నోటికేసి చూడలేక
తన చేతులకేసి చూసుకుంటోంది,
ఆ లోటు తన వైపునుంచి వచ్చిందని
ఎవరో అప్పటికే చెప్పేశారు.

రెండు గొట్టాలు. గడ్డిరంగు నీరు రెండింటిలోనూ.
ఒక్కో చుక్క కాల్షియం.
నాది మీగడ కట్టింది, తలకిందులు చేసినా జారలేదు.
వాడిది నీళ్లలాగే అటూ ఇటూ.
పది నిమిషాలు. ఇరవై.
అప్పుడు ఆవిడ నాదాంట్లోంచి కాస్త తీసి
వాడిదాంట్లో కలిపింది,
గోరువెచ్చని పాలల్లో చెంచాడు తోడు వేసినట్టు.
చూస్తుండగానే
దారంలాంటిది ఒకటి పుట్టి, ఇంకోదాన్ని పట్టుకుని,
తోడుకుంది.

"ఆమెలో ఉన్నదేంటి, నాలో లేనిదేంటి?"
నోట్లో దూదితోనే అడిగాడు.
"అదే వెతుకుతున్నాను" అందావిడ.
పెద్దవాళ్లకి చెప్పినట్టే చెప్పింది.
నోట్‌బుక్‌లో ఆ వస్తువుకి పేరు లేదు,
ఒక ప్రశ్నగుర్తు, దాని చుట్టూ గీసి గీసి
కాగితం చిల్లుపడిన సున్నా.

ఆ రాత్రి నా సీసా వాడికెక్కింది. పన్ను చోట ఆగింది.
పొద్దున్నే వాడు నన్ను పిలిచి
"నాకిప్పుడు ఎండుచేప తినాలనుంది" అన్నాడు.

పద్నాలుగో ఏట రేవుమెట్ల మీద జారాడు.
తుఫాను. మూడు రోజులు ఏ పడవా దాటలేదు.
కబురొచ్చిన సాయంత్రం గొట్టాలన్నీ తనే కడిగింది డాక్టర్,
నన్ను ముట్టుకోనివ్వలేదు.
సరిగా కడగలేదు కూడా,
ఆ వారం అంకెలన్నీ తప్పొచ్చాయి.
సోమవారం మళ్లీ
"చొక్కా చెయ్యి" అంది,
సూది పట్టుకున్న చెయ్యి వణికింది. నేను గోడకేసి చూశాను.

నాకిప్పుడు ఎనభై ఆరు.
కాలి పిక్కలో గడ్డ కట్టింది,
ఒకప్పుడు ఎలుకల్ని చంపిన మందే నాకు రోజూ ఒక మాత్ర.
వేలికొస పొడిచి, అగ్గిపెట్టెంత యంత్రంలో చుక్క పెట్టి,
నర్సు కుర్రాడు అన్నాడు:
"మీ నెత్తురుకి తొందరెక్కువ."
"ఒకప్పుడు నేనే మామూలు" అన్నాను.
వాడు తల ఎత్తలేదు, అంకె రాసుకుంటున్నాడు.
దూదిని వేలికి అదిమిపట్టుకుని కూర్చున్నాను,
అలవాటు చొప్పున
లోలోపల లెక్కపెడుతూ.